పాత బొమ్మకు హాలు ఏది?

మొన్న సంక్రాంతికి మా చెల్లెలి ఇంట్లో భోజనాలయ్యాక మాటలు సినిమాల మీదికి మళ్లాయి. ‘పాతాళ భైరవి’ని మొదటిసారి మా ఊరి పాత హాల్లో చూశానని చెప్పాను. మా మేనల్లుడు ఫోను తీసి ఏదో చూసి, “మామయ్యా, అది 1951లో వచ్చింది. మీరు పుట్టింది 1970లో. హాల్లో ఎలా చూశారు?” అని అడిగాడు.

ఆటపట్టించడానికి అడిగిన ప్రశ్న కాదు, వాడికి నిజంగానే అర్థం కాలేదు. వాడికి తెలిసినంతలో సినిమా అంటే హాల్లో రెండు మూడు వారాలు ఆడి, తర్వాత ఇంటికి వచ్చేసేది. “నువ్వు హాల్లో చూసినవాటిలో అన్నిటికన్నా పాతది ఏదిరా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి ‘పోకిరి’ అన్నాడు. 2022 ఆగస్టులో మళ్లీ విడుదల చేసినప్పుడు స్నేహితులతో వెళ్లాడట. ఆ సినిమా 2006 నాటిది, వాడు 2004లో పుట్టాడు. తాను పుట్టకముందు తీసిన సినిమా ఒక్కటి కూడా వాడు పెద్ద తెర మీద చూడలేదు. వాడి స్నేహితుల్లోనూ ఎవరూ చూసి ఉండరు.

చిన్న ఊళ్ల సినిమా హాళ్ల గురించి తలుచుకునేవాళ్లు నేల టిక్కెట్టు గురించి, గోలీసోడా గురించి, హీరో కనబడగానే ఎగిరిన కాగితం ముక్కల గురించి రాస్తారు. చదువుతుంటే నాకూ సంతోషంగానే ఉంటుంది. కానీ పోయినవాటిలో అసలు విలువైనది అది కాదని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. ఈలలు ఎక్కడికీ పోలేదు, కొత్త సినిమా మొదటి రోజున ఏ హాలుకు వెళ్లినా వినబడతాయి. పోయింది పాత సినిమా మళ్లీ మళ్లీ ఊరికి రావడం. తాత చూసిన బొమ్మను తండ్రి, తండ్రి చూసిన బొమ్మను కొడుకు అదే తెర మీద చూడటం.

రెండు హాళ్ల ఊరు

తెనాలి దాటి రేపల్లె వైపు వెళ్లే దారిలో మాదొక చిన్న ఊరు. మాకు రెండు హాళ్లు, పాత హాలు, కొత్త హాలు. వాటికి తలుపు మీద రాసిన పేర్లు వేరే ఉన్నా ఆ పేర్లతో పిలిచినవాళ్లు లేరు. కొత్త సినిమా ముందు విజయవాడలో, గుంటూరులో, తెనాలిలో ఆడి, అక్కడ జనం తగ్గాక మాకు వచ్చేది. నాలుగు నెలలు పట్టొచ్చు, ఆరు నెలలూ పట్టొచ్చు. వచ్చినా పది రోజులకు మించి ఆడటం అరుదు, ఎందుకంటే చూసేవాళ్లంతా ఆ పది రోజుల్లో చూసేసేవాళ్లు. మరి ఏడాదిలో మిగిలిన రోజులు హాల్లో ఏమి ఆడాలి?

పాత బొమ్మలు ఆడేవి. ‘గుండమ్మ కథ’, ‘జగదేకవీరుని కథ’, ‘మూగ మనసులు’, ‘నర్తనశాల’. వేసవి సెలవుల్లో విఠలాచార్య జానపదాలు వరసగా దిగేవి. ‘చిక్కడు దొరకడు’ ఒక ఏడాది వస్తే మరుసటి ఏడాది ‘గండికోట రహస్యం’. శ్రీరామనవమికి ‘లవకుశ’ తప్పదు. సి.పుల్లయ్య మొదలుపెట్టి, డబ్బు అందక మధ్యలో ఆగి, ఆయన కొడుకు సి.ఎస్.రావు చేతుల మీదుగా 1963లో బయటికొచ్చిన ఆ సినిమాకు నా చిన్నతనంలో కూడా చుట్టుపక్కల పల్లెల నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. బజారులో మైకు కట్టిన రిక్షా తిరుగుతూ కరపత్రాలు పంచేది. వాటి మీద సినిమా పాతదన్న మాట ఎక్కడా ఉండేది కాదు, అవసరం లేదు. మాకు పాత కొత్త అన్న తేడా సంవత్సరాల్లో ఉండేది కాదు. మేము చూసిందా, చూడనిదా అన్నదే లెక్క.

ఇందులో హాలు యజమానికి కళ మీద ప్రేమ ఉందని నేను అనను. కొత్త సినిమాకు వసూళ్లలో శాతం ఇవ్వాలి, లెక్క చూడటానికి పంపిణీదారుడి ప్రతినిధి వచ్చి గేటు దగ్గర కూర్చుంటాడు. పాత సినిమాకు ఆ బాధ లేదు. హాలు గుమాస్తా విజయవాడ గాంధీనగర్ వెళ్లి పంపిణీ ఆఫీసుల్లో అడిగి, వారానికి ఇంత అని అద్దె మాట్లాడుకుని రీళ్ల పెట్టె పట్టుకొచ్చేవాడు. 1980లలో శ్లాబు పన్ను వచ్చాక హాలు నిండినా నిండకపోయినా కట్టాల్సింది ఒకటే అయింది. తెర ఖాళీగా ఉంచితే నష్టం కాబట్టి ఏదో ఒక బొమ్మ పడాలి, అందులో చవకది పడాలి. అంతే.

అయినా ఆ లెక్కల నుంచే మాకు ఒక చదువు అబ్బింది. ‘మాయాబజార్’ 1957 నాటిది. అందులో పింగళి నాగేంద్రరావు పుట్టించిన ‘అసమదీయులు, తసమదీయులు’ అన్న మాటలను 1980లో మా బడి పిల్లలు కబడ్డీ జట్లు పంచుకునేటప్పుడు వాడేవాళ్లు. వాళ్ల ఇళ్లలో చాలామందికి పుస్తకం అన్నదే లేదు, టీవీ ఇంకా ఊరికి రాలేదు. ఆ మాటలు వాళ్ల నోటికి ఎలా వచ్చాయి? హాల్లో ఆ బొమ్మ అన్నిసార్లు పడింది కాబట్టి. మా వీధి చివర ఉండే రిక్షా తాత ‘పాతాళ భైరవి’లోని నేపాళ మాంత్రికుడి మాటలు ఎస్వీ రంగారావు గొంతుతో చెప్పేవాడు. పిల్లలం చుట్టూ చేరి ఆయన ఎక్కడ తప్పుతాడా అని చూసేవాళ్లం. తప్పు పట్టాలంటే మాకూ ఆ మాటలన్నీ వచ్చి ఉండాలి కదా.

శివరాత్రి

ఈ పద్ధతికి పరాకాష్ఠ మహాశివరాత్రి. ఆ రాత్రి రెండు హాళ్లలోనూ తెల్లవార్లూ ఆటలే. మామూలు రెండో ఆట అయ్యాక ఒంటి గంటకు ఒకటి, అది అయ్యాక మరొకటి. వాటిలో శివుడి కథ ఒకటి తప్పకుండా ఉండాలి. ‘భూకైలాస్’ కావచ్చు, ‘దక్షయజ్ఞం’ కావచ్చు, ‘శ్రీ కాళహస్తీశ్వర మహాత్మ్యం’ కావచ్చు. రెండోది చాలాసార్లు జానపదమే అయ్యేది, ఆ వేళకు నిద్ర ఆపాలంటే కత్తియుద్ధాలో దయ్యాలో ఉండాలి మరి.

మా నాయనమ్మ ఉపవాసం ఉండి, గుడిలో దర్శనం చేసుకుని, అక్కడి నుంచి నేరుగా హాలుకు వచ్చేది. ఆడవాళ్ల బెంచీలకు, మగవాళ్ల బెంచీలకు మధ్య నడుము ఎత్తు గోడ ఉండేది. చిన్నవాణ్ణి కాబట్టి నేను ఆమె పక్కనే కూర్చునేవాణ్ణి. మాటలు నడుస్తున్నంతసేపు ఆమె కునుకుతూ ఉండేది. పద్యం ఎత్తుకోగానే కళ్లు తెరిచి, పెదవులు కదుపుతూ చివరిదాకా వెంట నడిచి, రాగం ఆగగానే మళ్లీ కునికేది. ఆమెకు చదువు రాదు. ఊళ్లో ఆడిన నాటకాల నుంచి కొన్ని, ఇలా తిరిగి తిరిగి వచ్చిన సినిమాల నుంచి కొన్ని పద్యాలు ఆమెకు కంఠస్థం అయ్యాయి. ఆమె పక్కన కూర్చున్న నాకు రాగం ముందు వచ్చింది, అర్థం చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బడిలో తెలుగు మాస్టారు పద్యం చెబుతుంటే నాకు భయం వేయకపోవడానికి కారణం ఆ బెంచీ అని నేను నమ్ముతాను.

‘భూకైలాస్’లో రావణుడు రామారావు, నారదుడు నాగేశ్వరరావు. కొత్త సినిమాల దగ్గర ఈ ఇద్దరి అభిమానులూ పోస్టర్ల మీద పేడ కొట్టుకునేవాళ్లు. అదే మనుషులు శివరాత్రి నాడు ఒకే బొమ్మకు ఒకే బెంచీలో కూర్చుని ఇద్దరికీ చప్పట్లు కొట్టేవాళ్లు. పాతబడిన సినిమాలో గెలవాల్సిన పందెం ఏమీ మిగలదు. ఎవరి వసూళ్లు ఎంత అన్న మాట ఉండదు. సినిమా ఒక్కటే మిగులుతుంది.

ఇప్పుడు మళ్లీ విడుదలలు జరుగుతున్నాయి కదా అని మా మేనల్లుడు అన్నాడు. నిజమే. ‘పోకిరి’ తర్వాత ‘జల్సా’ వచ్చింది, ఆ తర్వాత అదొక వరవడి అయింది. కానీ వాటికి సందర్భం సాధారణంగా హీరో పుట్టినరోజు. వచ్చేవాళ్లు ఆ హీరో అభిమానులు, చాలావరకు కుర్రాళ్లు. ఒకటి రెండు రోజుల పండగ, ఎంత వసూలైందన్న పోటీ. వాళ్ల సంతోషాన్ని నేను తక్కువ చేయను. అయితే అక్కడికి నాయనమ్మ రాదు. పదేళ్ల పిల్లవాడు అనుకోకుండా వెళ్లి తనకు తెలియని కాలంలోకి పడిపోవడం అక్కడ జరగదు.

హాలు గురించి అబద్ధం చెప్పను

పాత హాలును తలుచుకుంటూ రాసేవాళ్లలో కొందరు అక్కడ అందరూ ఒక్కటేనని రాస్తారు. అది నేను ఒప్పుకోలేను. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని గోడలు కట్టి విడదీసిన చోటు అది. దళితవాడ నుంచి వచ్చినవాళ్లు నేలలో ఏ మూల కూర్చోవాలో ఎవరూ చెప్పకుండానే నడిచిపోయేది. గుడిలోకి రానివ్వని రోజుల్లో కూడా టిక్కెట్టు కొన్నవాణ్ణి హాల్లోకి రానివ్వక తప్పలేదన్నది నిజం, అది చిన్న మార్పు కాదు. కానీ కప్పు ఒకటే అయినంత మాత్రాన లోపల గీతలు లేవని అర్థం కాదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. మా అమ్మ ఏ సినిమా చూడాలన్నా తోడు ఎవరో దొరకాలి, మ్యాట్నీ అయి ఉండాలి, ఇంట్లో వంట అయిపోయి ఉండాలి. నల్లులు కుట్టేవి, ఫ్యాన్లు తిరిగేవి కావు, మరుగుదొడ్డి సంగతి చెప్పనక్కర్లేదు. ఇవాళ ఆమె ఇంట్లో కూర్చుని, కావలసిన పాత సినిమా కావలసినప్పుడు ఫోనులో చూసుకుంటుంది. “అప్పట్లో సగం సినిమాలు సగమే చూశాను, నువ్వు ఏడిస్తే బయటికి తీసుకెళ్లాల్సి వచ్చేది” అని ఆమె అంటే నేనేం జవాబు చెప్పగలను?

బొమ్మ నాణ్యత కూడా అంతే. మాకు వచ్చే ప్రింటు అప్పటికే ఎన్నో ఊళ్లు తిరిగి ఉండేది. తెర మీద నిలువు గీతల వాన, గరగరలాడే శబ్దం. రీలు తెగిన ప్రతిసారీ ఆపరేటరు కొంత ముక్క కత్తిరించి అతికించేవాడు. ‘జగదేకవీరుని కథ’లో ‘శివశంకరీ’ పాట మా హాల్లో మధ్యలో ఒక్కసారిగా ఎగిరిపోయేది. రామారావు ఐదుగురై వాద్యాలు వాయిస్తూ కనబడే ఆ దృశ్యంలో ఒక భాగం ఉందని నాకు టీవీలో చూసేదాకా తెలియదు. ఇన్నిసార్లు ఆడించి ఆడించి ప్రింట్లను అరగదీసింది కూడా మన హాళ్లే. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఇవాళ చూద్దామంటే అది ఎక్కడా లేదు. అందుకే ఇవాళ ఆ సినిమాలు శుభ్రమైన బొమ్మతో ఇంట్లోనే దొరుకుతుంటే హాలు కోసం ఎందుకు బాధపడాలని అడిగేవాళ్లను నేను తేలిగ్గా తీసుకోను.

నా జవాబు ఒక్కటే. దొరకడం వేరు, ఎదురుపడటం వేరు. ఫోనులో వెతికేవాడికి ఆ పేరు ముందే తెలిసి ఉండాలి. మా మేనల్లుడు ‘నర్తనశాల’ కోసం ఎందుకు వెతుకుతాడు? మేము వెతకలేదు. ఆ వారం ఊళ్లో వేరే దిక్కు లేదు, అదే ఆడుతోంది, వెళ్లాం. అందులో సగం సినిమాలు మేము కోరి ఎంచుకునేవి కావు. నచ్చనివీ ఉన్నాయి. కానీ రుచి అన్నది అలాగే ఏర్పడుతుంది, అడగనిది ఆకులో పడ్డప్పుడు. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక కొన్నేళ్లపాటు టీవీ కూడా ఈ పని చేసింది. మధ్యాహ్నం పాత సినిమా వేస్తే ఇంట్లో పిల్లలు కూడా ఓ చూపు చూసేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో మనిషికో తెర.

కోరిందే దొరికింది

ఇక్కడ నన్ను వేధించే ప్రశ్న ఒకటుంది. పాత సినిమాలు అన్నిసార్లు వచ్చింది కొత్త సినిమాలు ఆలస్యంగా వచ్చినందువల్లే. ఆ ఆలస్యం మాకు అవమానంగా ఉండేది. తెనాలి వెళ్లి ‘శివ’ చూసివచ్చినవాడు మా రచ్చబండ దగ్గర రాజులా కూర్చుని కథ చెబితే, మేము నోరు తెరుచుకుని వినేవాళ్లం. పట్నం చూసి వదిలేసింది మాకు వస్తుందన్న బాధ అందరికీ ఉండేది. మొదటి రోజే మా ఊళ్లో బొమ్మ పడాలని కోరుకున్నాం. అది న్యాయమైన కోరికే.

2005 ప్రాంతంలో రీళ్లు లేకుండా సినిమా వేసే క్యూబ్, యూఎఫ్ఓ అనే డిజిటల్ పద్ధతులు వచ్చాక ఆ కోరిక తీరింది. ప్రింటు తీయడానికి అయ్యే ఖర్చు పోయింది కాబట్టి సినిమా ఒకేసారి ఊరూరా దిగుతోంది. హైదరాబాదులో, మా ఊళ్లో ఒకే ఉదయం మొదటి ఆట. అయితే దానితోపాటు సినిమా ఆయుష్షు కూడా ఒకేసారి అన్నిచోట్లా అయిపోతోంది. మొదటి వారం వసూలు చేసిందే వసూలు. రెండో వారానికి ఊళ్లో ఎవరికీ దాని మీద ఆశ ఉండదు. చిన్న ఊరు వెనకబడే ఉండాలని నేను కోరుకోవడం లేదు. ఆ వేగం తీసుకొచ్చినవాళ్లు ఖాళీ వారాల గురించి కూడా ఆలోచించి ఉండాల్సిందని అంటున్నాను.

ఆ ఖాళీ ఎంత ఉందో 2024 మేలో బయటపడింది. ఎన్నికలు, ఐపీఎల్, చెప్పుకోదగ్గ కొత్త సినిమా లేదు. తెలంగాణలో సింగిల్ స్క్రీన్ థియేటర్లు పది రోజులు ఆటలు ఆపేస్తున్నట్టు ప్రకటించాయి. ఆ వార్త చదివి నేను చాలాసేపు అలాగే ఉండిపోయాను. వేసవి సెలవులు, పిల్లలు ఇళ్లలో ఉన్నారు, కొత్త సినిమా లేదు. మా రోజుల్లో సరిగ్గా ఇదే జానపదాల కాలం. ఇప్పుడు అదే కారణంతో హాలుకు తాళం వేస్తున్నారు.

యజమానులను తప్పుపట్టి లాభం లేదు. అప్పట్లో పెట్టె అన్నది కంటికి కనబడే వస్తువు. అందులో 16 రీళ్లో 17 రీళ్లో, ఒక్కోటి 1000 అడుగులు, 11 నిమిషాల ఆట. గాంధీనగర్‌లో ఏదో గోదాములో ఆ పెట్టె ఉంటే చాలు, అద్దె కట్టి రైల్లో వేసుకుని రావచ్చు. ఇప్పుడు పెట్టె లేదు. ఫిలిం తయారీయే తగ్గిపోయింది, ఫ్యూజీ కంపెనీ 2013లో సినిమా ఫిలిం ఆపేసింది. ఫైలు వస్తుంది, దానికి ఫలానా హాల్లో ఫలానా తేదీ దాకా అని తాళం ఉంటుంది. పైగా ఆ పద్ధతికి కట్టే రుసుములు. వాటి మీద 2018 మార్చిలో తెలుగు నిర్మాతలు కూడా సినిమాలు ఇవ్వడం ఆపి పోరాడారు, కొన్ని రోజులు హాళ్లు మూతపడ్డాయి. కొత్త సినిమా నిర్మాతకే బరువైన ఖర్చు అరవై ఏళ్ల నాటి సినిమాకు ఎవరు పెడతారు? చాలా సినిమాలకు హాల్లో ఆడించదగిన నాణ్యతతో ఫైలు చేసి పెట్టే పని కూడా జరగలేదు.

జనం రారంటారు. 2010 జనవరిలో ‘మాయాబజార్’ను రంగులద్ది విడుదల చేసినప్పుడు నేను గుంటూరులో చూశాను. తాతలు మనవళ్లను చేయి పట్టుకుని తీసుకొచ్చారు. ఘటోత్కచుడి భోజనం దగ్గర పిల్లలు విరగబడి నవ్వారు, నలుపు తెలుపుల్లో మేమూ అక్కడే నవ్వాం. రంగులు వేయడం నాకు నచ్చలేదు, అది వేరే చర్చ. కానీ తెర మీద వేస్తే చూసేవాళ్లు ఉన్నారు.

టిక్కెట్టు చవకగా ఉంటే హాళ్లు బతుకుతాయన్న వాదన కూడా ఉంది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ధరలు నిర్ణయించినప్పుడు గ్రామ పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లకు 5, 10, 15 రూపాయలుగా పెట్టింది. మరుసటి ఏడాది మార్చిలో మళ్లీ మార్చింది. ధర ఎంతైనా ఆ హాల్లో ఆడేది అదే కొత్త సినిమా, అదే రెండు వారాలు. నా గోడు దానితో తీరేది కాదు.

పోయిన నెల ఊరికి వెళ్లినప్పుడు కొత్త హాలు మేనేజరును కలిశాను. పాత హాలు మూతపడి చాలాకాలమైంది, ఇప్పుడు ఎరువుల బస్తాలు పెడుతున్నారు. మామూలు రోజుల్లో ఉదయం ఆటకు ఎంతమంది వస్తారని అడిగితే, “పది మంది వస్తే ఆట వేస్తామండీ, లేకపోతే లేదు” అన్నాడు. ఆ ఆటకు వారానికి ఒక్క రోజు పాత సినిమా వేయకూడదా అన్నాను. “వేయడానికి నాకేం అభ్యంతరం లేదండీ. ఫైలు ఎవరిస్తారో మీరు చెప్పండి” అన్నాడు. తిరిగొచ్చాక ఒక జానపదం గురించి విచారించాను. హక్కులు ఒక టీవీ సంస్థ దగ్గర ఉన్నాయన్నారు. వాళ్లను అడిగితే తమ దగ్గర ఉన్నవి టీవీ హక్కులే, హాలు హక్కులు నిర్మాత వారసులవి అన్నారు. వారసుల చిరునామా ఇంకా దొరకలేదు.

శివరాత్రికి ‘భూకైలాస్’ ఒక్క ఆట అయినా కుదురుతుందేమో చూడమని మేనేజరుకు మళ్లీ ఫోను చేశాను. టిక్కెట్లు కొన్ని ముందే అమ్మిపెడితే రెండో ఆట అయ్యాక హాలు తెరిచి ఉంచుతానని మాట ఇచ్చాడు. టిక్కెట్ల గురించి నాకు దిగులు లేదు, మా వీధిలోనే సగం పోతాయి. ఈ సినిమా హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో తెలిసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.